కంప్రెసర్ మోతలో నాలుగు మోతలున్నాయి

మా ఇంట్లో మొదటి అంతస్తులో అద్దెకుండే ఆంటీ ఒక ఆదివారం మధ్యాహ్నం మేడమీదికి వచ్చింది. గొడవ పెట్టుకోలేదు. "ఒక్కసారి కిందికి రా బాబూ, నీకొకటి చూపిస్త" అన్నది. వెళ్లాను. వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసులో నీళ్లు పోసి పెట్టింది. పైన రేకుల షెడ్డులో, గాలితో మేకులు కొట్టడానికీ రంగు చల్లడానికీ వాడుకునే నా ఎయిర్ కంప్రెసర్ నడుస్తూనే ఉంది. గ్లాసులో నీళ్ల మీద సన్నటి వలయాలు ఒకదాని వెనక ఒకటి ఆగకుండా పుడుతున్నాయి. "చప్పుడుకు నేనేమంటలేను. ఇగో, ఇది తలకాయల కొడుతున్నది" అన్నది.

ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి చూశాను. నలభై చిల్లర చూపించింది. ఫ్యాను తిరిగే గదిలో మామూలుగా ఉండే అంకె అది. యాప్‌ను నమ్మితే ఆ వంటింట్లో గోలే లేదు. కానీ గ్లాసులో నీళ్లు కళ్లముందే వణుకుతున్నాయి. అంతకు నెల ముందే నేను కంప్రెసర్ చుట్టూ ప్లైవుడ్ డబ్బా కట్టి, లోపల స్పాంజి అంటించి, పని అయిపోయిందనుకున్నాను. షెడ్డులో నా చెవికి కొంత హాయిగానే ఉండేది. ఆమెకు మాత్రం ఏమీ మారలేదు.

ఆ గ్లాసు చూశాకే నాకు విషయం బోధపడింది. కంప్రెసర్ చేసేది ఒక్క మోత కాదు. గాలి పీల్చే చోట ఒకటి, కాళ్ల గుండా నేలలోకి దిగేది ఒకటి, పిస్టను, వాల్వులు, బెల్టు, మోటారు కలిసి చేసే ఇనుప మోత ఒకటి, గాలి బయటికి వదిలే చోట ఒకటి. నాలుగూ నాలుగు దారుల్లో పోతాయి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. హైదరాబాద్‌లో మా కుషాయిగూడ వైపు ఈసీఐఎల్‌లోనో చర్లపల్లి ఫ్యాక్టరీల్లోనో పనిచేసి రిటైరైన పెద్దవాళ్ల ఇళ్లల్లో బెంచి వైసు, డ్రిల్లింగ్ మిషను, చిన్న కంప్రెసర్ కనిపించడం మామూలే. వాళ్లలో చాలామంది నాలాగే మొదట డబ్బా దగ్గరికి పోతారు. నా అనుభవంలో డబ్బా చివరికి రావలసిన పని. దానికి ముందు చేయాల్సినవి చేస్తే చాలా ఇళ్లల్లో డబ్బా అవసరమే పడదు.

డెసిబెల్ కూడిక

ముందు ఈ లెక్క తేల్చుకోకపోతే డబ్బు వృథా అవుతుంది. డెసిబెళ్లు మామూలు అంకెల్లా కలవవు. ఒకే రకం కంప్రెసర్లు రెండు పక్కపక్కన నడిపితే 85కి 85 కలిసి 88 అవుతుంది. శబ్దశక్తి రెట్టింపైతే 3 పెరుగుతుంది, పదింతలైతే 10 పెరుగుతుంది. చెవికి మాత్రం 10 తగ్గితేనే "సగం అయింది" అనిపిస్తుంది.

దీనివల్ల ఒక వింత జరుగుతుంది. లెక్క కోసం ఒక మిషను అనుకుందాం. పీల్చే మోత 88, ఇనుప మోత 82, వణుకు వల్ల రేకులూ అరలూ చేసే మోత 78. మూడూ కలిస్తే 89 చిల్లర. ఇప్పుడు వారం రోజులు కష్టపడి ఇనుప మోతను మంత్రమేసినట్టు పూర్తిగా మాయం చేశారనుకోండి. మొత్తం 88 దాటే ఉంటుంది. ఒక్క డెసిబెల్ కూడా తగ్గలేదు, చెవికి తేడాయే తెలియదు. అదే శ్రమ పీల్చే మోత మీద పెట్టి దాన్ని 15 తగ్గిస్తే మొత్తం 84కి దిగుతుంది. ఆ తర్వాత ఇనుప మోత అన్నిటికంటే పెద్దదవుతుంది కాబట్టి అప్పుడు దాని మీద పడాలి. ఎప్పుడూ అన్నిటికంటే పెద్దదాన్ని ముందు కొట్టాలి. వరస తప్పితే పని చేసినా చేయనట్టే ఉంటుంది.

యాప్ ఎందుకు తప్పు చెప్పిందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన చెవి లోతైన శబ్దాలను తక్కువగా వింటుంది కాబట్టి మీటర్లు సాధారణంగా వాటిని తగ్గించి లెక్కేస్తాయి. 63 హెర్ట్జ్ (అంటే సెకనుకు 63 ఊపులు) దగ్గర సుమారు 26 డెసిబెళ్లు, 31.5 హెర్ట్జ్ దగ్గర 39 డెసిబెళ్లు తీసేసి చూపిస్తాయి. పైగా ఫోను మైకు మాటల కోసం చేసింది, ఆ లోతులను సరిగా పట్టదు. గోడల గుండా వచ్చే ధబధబ అంతా ఆ లోతుల్లోనే ఉంటుంది. అందుకే యాప్‌ను ఒకే చోట, ఒకే ఫోనుతో, పనికి ముందూ తర్వాతా తేడా చూసుకోవడానికి మాత్రమే వాడాలి. కింది ఇంట్లో పరిస్థితి తెలుసుకోవాలంటే గ్లాసులో నీళ్లు మేలు.

ముక్కుతో మొదలు

నా మిషను చాలా ఇళ్లల్లో ఉండే రకమే. 2 హెచ్‌పీ మోటారు, బెల్టు, గాలిని పీల్చి నొక్కే రెండు సిలిండర్ల హెడ్డు, 100 లీటర్ల ట్యాంకు. మోటారు 1440 ఆర్‌పీఎం. మోటారు పుల్లీ 6 అంగుళాలు, హెడ్డు పుల్లీ 12 అంగుళాలు. అంటే హెడ్డు నిమిషానికి 720 చుట్లు, సెకనుకు 12 తిరుగుతుంది. రెండు సిలిండర్లూ కలిసి సెకనుకు 24 సార్లు గాలిని గుటక వేస్తాయి. పిస్టను కిందికి దిగినప్పుడల్లా రీడ్ వాల్వు (పలచటి ఉక్కు రేకు వాల్వు) టప్పున తెరుచుకుని బయటి గాలిని లాగుతుంది, మళ్లీ మూసుకుంటుంది. ఆ గుటకే గుబ గుబ గుబ అని వినపడేది. ఎయిర్ ఫిల్టరు దుమ్ము ఆపడానికి పెట్టింది, చప్పుడు ఆపడానికి కాదు. కాబట్టి ఆ మోతకు అడ్డే లేదు.

చాలా పిస్టన్ కంప్రెసర్లలో అన్నిటికంటే పెద్ద మోత ఇదే. అనుమానముంటే ఒక పరీక్ష ఉంది. ఫిల్టరు విప్పి, ఆ రంధ్రానికి సరిపోయే గట్టి రబ్బరు హోసు ఒకటి తగిలించి, రెండో కొసను కిటికీలోంచి బయటికి పెట్టండి. లోపల ఎంత తగ్గిందో వెంటనే తెలుస్తుంది. బయట ఆ కొస దగ్గర నిలబడితే అదే గుబగుబ అక్కడ వినిపిస్తుంది. అంటే మోతను పక్కింటి వైపు తోశాం, అంతే. పరీక్షకు పనికొస్తుంది గానీ పరిష్కారం కాదు.

దారిలో ఒక పెద్ద ఖాళీ డబ్బా, దాని తర్వాత ఒక సన్నటి పొడవాటి గొట్టం పెడితే గుటకలు చదునవుతాయి. డబ్బాలోని గాలి స్ప్రింగులా, గొట్టంలోని గాలి బరువులా పనిచేస్తాయి. హెడ్డు గబుక్కున లాగినప్పుడు డబ్బాలోని గాలి సాగి ఇస్తుంది, గొట్టంలోని గాలి మాత్రం అంత త్వరగా కదలలేక నిదానంగా, ఒకే వేగంతో వస్తుంది. ఈ జంటకు తనదైన ఒక ఊపు, అంటే సెకనుకు ఇన్నిసార్లు ఊగాలన్న లెక్క, ఉంటుంది. ఆ ఊపు మన 24 గుటకల కంటే బాగా కింద ఉండాలి. కిందికి ఎంత దిగితే అంత మంచిది.

దీనికి కావలసినవి శానిటరీ షాపులోనే దొరుకుతాయి. ఆరంగుళాల డ్రైనేజీ పీవీసీ పైపు ఒక మీటరు, రెండు ఎండ్ క్యాపులు. లోపలి ఘనం దాదాపు 18 లీటర్లు వస్తుంది. ఒక క్యాపుకు అంగుళం లోపలి వ్యాసం ఉన్న గొట్టం మీటరు పొడవున బిగిస్తే ఆ జంట ఊపు సుమారు 9 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 24 దగ్గర లెక్క ప్రకారం 16 డెసిబెళ్ల దాకా తగ్గాలి, దాని పైన 48, 72 దగ్గర ఇంకా ఎక్కువ. చేతిపనిలో అంత రాకపోయినా సగం వచ్చినా పెద్ద విషయమే. ఇంకో క్యాపు నుంచి హెడ్డుకు మెత్తటి రబ్బరు హోసు. హెడ్డు వేడెక్కుతుంది కాబట్టి అక్కడ ఇనుప నిప్పల్ (మరలున్న చిన్న పైపు ముక్క) పెట్టి దానికి హోసు క్లాంపు వేయాలి. రెండు సిలిండర్లకు వేర్వేరు ఫిల్టర్లుంటే టీ జాయింటుతో కలిపి ఒకే హోసుకు తేవాలి. ఫిల్టరును అన్నిటికంటే బయటి కొసకు మార్చాలి.

చిన్న పొరపాట్లు ఇక్కడే పెద్ద నష్టం చేస్తాయి. పీవీసీ కోసినప్పుడు వచ్చే పొట్టు లోపల ఒక్క రవ్వ మిగిలినా నేరుగా సిలిండర్లోకి పోతుంది. బిగించే ముందు లోపల తడిబట్టతో తుడిచి, ఆరబెట్టి, ఇంకోసారి చూసుకోవాలి. లోపల రాక్‌వూలు, గ్లాస్‌వూలు (రాతి, గాజు పోగుల దూది) కూరవద్దు, పోగులు ఊడి వాల్వు కింద చిక్కుకుంటాయి. గొట్టం మరీ సన్నం చేస్తే హెడ్డుకు ఊపిరాడదు, ట్యాంకు నిండటానికి పట్టే టైము పెరుగుతుంది. పని ముందూ తర్వాతా ట్యాంకు ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూసి రాసుకోండి, పెరగకూడదు. మరొకటి, ప్రాణం మీదికి వచ్చే విషయం కనుక గట్టిగా చెబుతున్నాను: పీవీసీ పీల్చే వైపు మాత్రమే. ఒత్తిడి ఉండే వైపు పీవీసీ పైపు వేస్తే ఏదో ఒక రోజు పగిలి గాజు ముక్కల్లా ఎగురుతుంది. నీళ్ల లైను మిగిలింది కదా అని గాలికి వాడేవాళ్లను చూశాను. వద్దు.

కాళ్ల కింద రబ్బరు

ఇక ఆంటీ గ్లాసు సంగతి. దానికి పీల్చే మోతతో పెద్దగా సంబంధం లేదు. హెడ్డులో పిస్టన్లు కిందామీదా కొట్టుకుంటుంటే మిషను మొత్తం సెకనుకు 12 సార్లు ఊగుతుంది. ఆ ఊపు ట్యాంకు కాళ్ల గుండా శ్లాబులోకి, శ్లాబు నుంచి బీముల్లోకి, గోడల్లోకి పాకుతుంది. చుట్టూ ఎన్ని డబ్బాలు కట్టినా కాళ్లు నేల మీదే ఉంటాయి కదా.

మొదట చేయగలిగితే చేయాల్సింది, మిషనును మేడమీద నుంచి దించి నేల మీద పెట్టడం. మట్టి మీద వేసిన గచ్చు శ్లాబులా డోలు వాయించదు. గాలి తేలిక, హోసులో పైకి పంపొచ్చు. మాకు కింద చోటు లేక కుదరలేదు. అప్పుడు అందరూ చెప్పే మాట, "కాళ్ల కింద రబ్బరు పెట్టు." పెట్టాను. రాణిగంజ్ నుంచి మందపాటి రబ్బరు ముక్కలు తెచ్చి నాలుగు కాళ్ల కిందా వేశాను. మరునాడు ఆంటీ అన్నది, "ఇయ్యాల ఇంకా ఎక్కువైంది బాబూ."

ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కారణం ఇది. మెత్తటి దాని మీద బరువు పెడితే దానికీ ఒక సొంత ఊపు ఉంటుంది. బరువుకు అది ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో కొలిస్తే ఆ ఊపు లెక్కకట్టొచ్చు. 15.8ని, కుంగిన మిల్లీమీటర్ల వర్గమూలంతో భాగిస్తే హెర్ట్జ్ వస్తుంది. 1 మిల్లీమీటరు కుంగితే సుమారు 16, 4 కుంగితే 8, 16 కుంగితే 4. నా రబ్బరు ముక్కలు కాస్త అటూ ఇటుగా రెండు మిల్లీమీటర్లు కుంగాయి. అంటే వాటి ఊపు 11, 12 మధ్య. నా హెడ్డు ఊపు సరిగ్గా 12. పసిపిల్ల ఊయలను దాని తూగుకు సరిగ్గా తగినట్టు తోస్తే ఎలా పెరుగుతుందో అలా వణుకు పెరిగింది.

వణుకు ఆగాలంటే ఆధారం ఊపు, మిషను ఊపులో మూడో వంతు ఉండాలి. 12కి 4 కావాలి, అంటే కాళ్ల కింద ఉన్నది 15, 16 మిల్లీమీటర్లు కుంగాలి. రబ్బరు ముక్క అంత కుంగితే నలిగిపోతుంది. అది స్ప్రింగుల పని. జనరేటర్ల కింద వేసే స్ప్రింగు మౌంట్లు రాణిగంజ్, బాలానగర్ షాపుల్లో దొరుకుతాయి. షాపువాడు "ఎన్ని కేజీల మిషను?" అని అడిగి ఒకటి చేతిలో పెడతాడు. మనం అడగాల్సింది వేరు: "ఒక్కో కాలికి ఇన్ని కేజీలు పడితే ఎంత కుంగుతుంది?" మరీ గట్టి స్ప్రింగు కొంటే కుంగదు, కుంగకపోతే ఉన్నా లేనట్టే. రబ్బరు పనికిరాదని కాదు. 1440 మోటారు జుయ్యిమనే సన్నటి వణుకుకూ, నిమిషానికి 2800 పైన తిరిగే, బెల్టు లేని డైరెక్ట్ డ్రైవ్ మిషన్లకూ 4, 5 మిల్లీమీటర్లు కుంగే మంచి రబ్బరు సరిపోతుంది. నెమ్మదిగా తిరిగే బెల్టు మిషనుకే స్ప్రింగు కావాలి. నిదానంగా తిరిగేది చెవికి హాయి, శ్లాబుకు కష్టం.

స్ప్రింగుల మీద పెట్టిన మిషను ఆన్ చేసినప్పుడు, ఆఫ్ చేసినప్పుడు ఒక క్షణం తూలుతుంది, ఎందుకంటే వేగం పెరిగేటప్పుడూ తగ్గేటప్పుడూ ఆ 4 హెర్ట్జ్ గుండా దాటాలి. దానికి మందు బరువు. మన దగ్గర షాబాద్ బండకు కొదవ లేదు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, 40 మిల్లీమీటర్ల మందం ఉన్న బండ దాదాపు 60 కేజీలు తూగుతుంది. మిషనును బండకు బిగించి, బండ కింద నాలుగు మూలలా స్ప్రింగులు పెట్టాను. స్ప్రింగులు కాళ్ల కంటే బయటికి ఉండటంతో తూలడం తగ్గింది. బండ ఎత్తడానికి ముగ్గురం పట్టాం, వేళ్లు జాగ్రత్త. ట్యాంకు నుంచి గోడ మీది ఇనుప లైనుకు పోయే చోట రెండడుగుల మెత్తటి హోసు తప్పనిసరి. అది లేకపోతే ఊపు పైపు గుండా గోడలోకి ఎక్కుతుంది, స్ప్రింగుల కష్టమంతా వృథా.

ఆ సాయంత్రం ఆంటీ వంటింట్లో మళ్లీ గ్లాసు పెట్టాం. నీళ్లు కదల్లేదు. ఆమె గ్లాసు కాస్త జరిపి, వంగి, లైటు వెలుగు పడేలా చూసి, "బంద్ చేసినవా?" అని అడిగింది. పైన నడుస్తూనే ఉంది.

ఇనుప మోత, వదిలే మోత

ఇవి త్వరగా తేలిపోతాయి. ఇనుప మోతలో సగం ఊడి వదులైనవి చేసేదే. బెల్టు గార్డు జాలీ, ఫిల్టరు మూత, ప్రెషర్ గేజి, ట్యాంకు మీది హ్యాండిలు. మిషను నడుస్తుండగా పొడవాటి కర్ర కొసతో ఒక్కోదాన్ని మెల్లగా నొక్కుతూ పోతే ఏది ఆగినప్పుడు మోత తగ్గిందో దొరికిపోతుంది. తిరిగే భాగాల దగ్గరికి చెయ్యి వద్దు. బెల్టు కీచుమంటే బిగువో, పుల్లీల వరసో చూడాలి. ఆయిల్ మట్టం, ఆయిల్ వయసు చూడాలి. హెడ్డు లోపలి నుంచి టక్ టక్ అని లోహపు చప్పుడు వస్తే అది సౌండు సమస్య కాదు, బేరింగో పిన్నో వాల్వో పోతోందని అర్థం. దాన్ని డబ్బాలో దాచకూడదు, విప్పించాలి.

పుల్లీ మార్చడం నాకు ఇష్టమైన మార్గం. 6 అంగుళాల మోటారు పుల్లీ బదులు 5 అంగుళాలది వేస్తే హెడ్డు 720 నుంచి 600కి దిగుతుంది. గాలి ఆరో వంతు తగ్గుతుంది, మోటారు మీద భారం కూడా తగ్గుతుంది, మోత స్వభావమే మారుతుంది. మేకులు కొట్టుకునేవాళ్లకు ఆ ఆరో వంతు లోటు తెలియదు. అయితే ఆయిల్‌ను చిమ్మి లూబ్రికేట్ చేసుకునే హెడ్డులకు కనీస వేగం ఒకటుంటుంది, కంపెనీ పుస్తకంలో చూసుకోకుండా మరీ తగ్గించకూడదు. కొత్త పుల్లీతో మిషను ఊపు 12 నుంచి 10కి దిగుతుంది కాబట్టి స్ప్రింగుల లెక్క మళ్లీ చూసుకోవాలి.

ట్యాంకు నిండి ప్రెషర్ స్విచ్ పడినప్పుడు హెడ్డులో మిగిలిన గాలి టుస్సుమని పోతుంది. ఆ రంధ్రానికి వేలెడంత ఇత్తడి సైలెన్సరు బిగిస్తే సరి. టుస్సు ఆగకుండా సన్నగా కొనసాగుతుంటే ఎన్‌ఆర్‌వీ (ట్యాంకు గాలిని వెనక్కి రానివ్వని వాల్వు) కారుతోంది, మార్చాలి. సేఫ్టీ వాల్వు జోలికి మాత్రం వెళ్లొద్దు. అది మోగితే మనల్ని కాపాడుతోందన్నమాట.

లీకుల గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అది బాధ. 7 బార్ ఒత్తిడి దగ్గర ఒక మిల్లీమీటరు రంధ్రం సెకనుకు ఒక లీటరుకు పైగా గాలి పోగొడుతుంది. 2 హెచ్‌పీ మిషను చేసే గాలిలో అది చిన్న భాగం కాదు. హోసు తగిలించే కప్లర్ల దగ్గర, ట్యాంకు అడుగున నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్ దగ్గర సబ్బు నీళ్లు పూసి బుడగలు చూడండి. రాత్రి ట్యాంకు నింపి ఆపేసి, పొద్దున గేజి చూడండి. లీకు ఆపితే మిషను నడిచే నిమిషాలే తగ్గుతాయి. నడవని మిషను కంటే నిశ్శబ్దమైనది ఇంకేముంది.

డబ్బా కట్టక తప్పకపోతే

కొన్ని ఇళ్లల్లో తప్పదు. ముఖ్యంగా పక్కింటికీ మన గోడకూ మధ్య నాలుగడుగుల సందులో మిషను ఉంటే. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెళ్లు తగ్గుతుంది. సందులో అలా తగ్గదు, రెండు గోడల మధ్య బంతిలా కొట్టుకుంటూ నేరుగా ఎదురింటి పడకగది కిటికీ దాకా పోతుంది. పీల్చే గొట్టం కొసనైనా సందు వైపు కాకుండా రోడ్డు వైపు తిప్పాలి.

శబ్దాన్ని ఆపేది బరువు. స్పాంజి, కోడిగుడ్ల అట్టలు, థర్మాకోల్ ఆపవు. థర్మాకోల్ గాలి పోని, బరువు లేని పదార్థం, దానితో ఏ ఉపయోగమూ లేదు. స్పాంజి డబ్బా లోపలి సన్నటి చప్పుళ్లను కొంత పీలుస్తుంది, లోతైన ధబధబను అసలు పట్టించుకోదు. 24 హెర్ట్జ్ శబ్దపు అల పొడవు దాదాపు 14 మీటర్లు. ఒకటిన్నర అంగుళం స్పాంజి దానికి ఏం అడ్డు. పైగా మామూలు ప్యాకింగ్ స్పాంజికి నిప్పంటుకుంటే నల్లటి విషపు పొగ. ఆయిలు ఆవిరి, వేడి, కరెంటు ఉన్న చోట అది పెట్టకూడదు. నేను పెట్టాను, తర్వాత పీకేశాను. రాక్‌వూలు మండదు, రెండంగుళాల పలకలు దొరుకుతాయి, గాజుగుడ్డ చుట్టి పైన చిల్లుల రేకు కొడితే పోగులు రాలవు. కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు వేసుకోవాలి.

గోడకు బరువు రెట్టింపు చేస్తే సుమారు 6 డెసిబెళ్లు లాభం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చదరపు మీటరుకు 11, 12 కేజీలుంటే, రెండు వైపులా ప్లాస్టరు చేసిన నాలుగంగుళాల ఇటుక గోడ రెండు వందల కేజీలు దాటుతుంది. మన ఊళ్లో మేస్త్రీ, ఇటుకలు సులభం కాబట్టి నేల మీద, మెట్ల కింద కట్టుకునేవాళ్లు ప్లైవుడ్ వైపు చూడనే కూడదు. ఎంత మంచి గోడ కట్టినా దానిలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే మొత్తం మీద 20 డెసిబెళ్లకు మించి తగ్గదు. తలుపు కింద సందు, వైరు పోయే బెజ్జం, అన్నిటికీ రబ్బరు బీడింగు, సీలెంటు కావాలి.

ఇక్కడే వేడి మీద పడుతుంది. 2 హెచ్‌పీ మోటారు తాగే కరెంటు దాదాపు అంతా వేడిగానే బయటపడుతుంది. సగం సమయం నడిచినా సగటున ఒక కిలోవాటు గది హీటరు లోపల పెట్టినట్టే. మామూలు మోటార్లను చుట్టూ 40 డిగ్రీల గాలి ఉంటుందని లెక్కవేసి చేస్తారు. మే నెలలో మన నీడలోనే అది దాటుతుంది, రేకుల షెడ్డు సంగతి చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది నా డబ్బాలో, మోటారు మీద భారం మించితే కరెంటు ఆపే ఓవర్‌లోడ్ రిలే రెండుసార్లు పడింది. మూడోసారి తలుపు తీస్తే మోటారు వార్నిష్ కమురు వాసన ముఖాన కొట్టింది. చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను.

ఒక కిలోవాటు వేడిని, లోపలి గాలి బయటికంటే 10 డిగ్రీలు మించకుండా తీసేయాలంటే గంటకు సుమారు 300 ఘనపు మీటర్ల గాలి పారాలి. పనంతా ఆగకుండా నడిస్తే దానికి రెట్టింపు. కాబట్టి 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను కంటే తక్కువ పెట్టకూడదు. గాలి వచ్చే దారి, పోయే దారి రెండూ లోపల రాక్‌వూలు పరిచి, రెండేసి మలుపులు తిరిగే వెడల్పాటి గూళ్లుగా కట్టాలి. గాలి మలుపు తిరుగుతుంది, చప్పుడు మలుపులో ఇంకిపోతుంది. గాలి కింద నుంచి వచ్చి పైనుంచి పోవాలి. ఫ్యాను ఆగితే మిషను కూడా ఆగేలా, మిషను ఆగాక ఫ్యాను పావుగంట తిరిగేలా వైరింగు చేయించండి. హెడ్డు పీల్చే గొట్టం కొస డబ్బా బయట ఉండాలి, లోపలి వేడిగాలి పీలిస్తే ఇంకా వేడెక్కుతుంది. వానాకాలంలో ట్యాంకులో నీళ్లు త్వరగా చేరతాయి కాబట్టి డ్రెయిన్ కాక్‌ను ఒక పైపుతో బయటికి తెచ్చుకోండి, లేకపోతే డబ్బా తెరవడానికి బద్ధకించి నీళ్లు వదలడం మానేస్తాం, ట్యాంకు లోపల తుప్పు పడుతుంది.

నేను ఇవన్నీ నేర్చుకున్నాక డబ్బా మళ్లీ కట్టలేదు. పీల్చే డబ్బా, బండ, స్ప్రింగులు, చిన్న పుల్లీ పడ్డాక సందు వైపు ఛాతీ ఎత్తు ఇటుక గోడ ఒక్కటి లేపాను. సరిపోయింది.

వేళ

దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. అది సగటు లెక్క. కంప్రెసర్ పక్కన నిలబడి పనిచేసే మన చెవుల లెక్క వేరు. 85 డెసిబెళ్ల దగ్గర 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు సగం చొప్పున, అంటే 88లో 4 గంటలు, 91లో 2, 94లో ఒకటే గంట అని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. బ్లో గన్‌తో పొట్టు ఊదేటప్పుడు కంప్రెసర్‌ను మించిన మోత మన చెవికి అడుగు దూరంలో పుడుతుంది. ఇయర్ మఫ్ తగిలించుకోవడానికి పది సెకన్లు పట్టదు.

రాత్రి పనికి నాకు బాగా పనికొచ్చిన లెక్క ఒకటుంది. 100 లీటర్ల ట్యాంకును 8 బార్‌కు నింపి, 5 బార్ దాకా వాడుకుంటే 300 లీటర్ల మామూలు గాలి దొరుకుతుంది. గాలితో సన్నటి మేకులు కొట్టే నైలరు ఒక దెబ్బకు లీటరు తాగుతుందనుకున్నా మూడు వందల మేకులు. ఒక పుస్తకాల అర మొత్తం కొట్టేసినా మిగులుతుంది. స్ప్రే గన్‌కు ఈ లెక్క సాగదు, దానికి ఆ గాలి రెండు నిమిషాలకు కూడా చాలదు, ఆ పని పగలే చేసుకోవాలి. తొమ్మిదిన్నరకు ట్యాంకు నింపుతాను, మెయిను ఆపేస్తాను. లీకులు లేవు కాబట్టి గేజి ముల్లు కదలదు. ఆంటీ మనవడు పడుకున్నాక పైన వినిపించేది నైలరు టిక్కు టిక్కు మాత్రమే, దాని కింద కూడా ఓ పాత దుప్పటి మడిచి వేస్తున్నాను.